ఫోరెన్సిక్ సైకాలజీలో స్నాతకోత్తర విద్య

ఫోరెన్సిక్ సైకాలజీ అనగా మనస్తత్వశాస్త్ర పరిజ్ఞానాన్ని న్యాయ విచారణకు, నేర పరిశోధనకు, శిక్షల అమలుకు వినియోగించే శాస్త్ర శాఖ. తెలుగులో దీనిని న్యాయ మనస్తత్వశాస్త్రం అని వ్యవహరించవచ్చు. భారతదేశంలో ఈ శాస్త్రాన్ని ప్రత్యేక విషయంగా స్నాతకోత్తర స్థాయిలో బోధించడం ఇటీవలి కాలపు పరిణామం. తెలుగు రాష్ట్రాల విద్యార్థులలోను ఈ చదువుపై ఆసక్తి కలదు. అయితే ఈ పట్టాకు, న్యాయస్థానంలో మానసిక స్థితిపై అభిప్రాయం చెప్పే చట్టబద్ధమైన అర్హతకు మధ్య ఉన్న తేడా చాలామందికి తెలియదు. ఆ తేడాను, చదువు మార్గాలను, పాఠ్యాంశాలను, వృత్తి ధర్మాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

పేరు, పరిధి

ఫోరెన్సిక్ అనే మాటకు మూలం లాటిన్ భాషలోని ఫోరమ్. ప్రాచీన రోము నగరంలో వ్యాజ్యాలు నడిచిన బహిరంగ స్థలం పేరు ఇది. కనుక ఫోరెన్సిక్ అంటే న్యాయస్థానానికి సంబంధించినది అని అర్థమే గాని, శవపరీక్షకో వేలిముద్రలకో సంబంధించినది అని మాత్రమే కాదు.

సినిమాలలోను, నవలలలోను ఈ వృత్తిని హంతకుని మనసు చదివి ఆచూకీ చెప్పే విద్యగా చిత్రిస్తారు. వాస్తవంలో నేరస్థుని స్వభావాన్ని ఊహించే పని ఈ శాస్త్రంలో చాలా చిన్న భాగం. అధిక భాగం ఈ క్రింది పనులతో నిండి ఉంటుంది.

* నిందితుడు విచారణను అర్థం చేసుకోగల స్థితిలో ఉన్నాడా అని పరీక్షించుట
* నేరం జరిగిన సమయంలో అతని మానసిక స్థితి ఎట్టిదో అంచనా వేయుట
* సాక్షుల జ్ఞాపకం ఎంతవరకు నమ్మదగినదో వివరించుట
* హింసకు గురైన బాలబాలికలతో వారికి మరల గాయం కలగని రీతిలో మాట్లాడుట
* ఖైదీల ప్రవర్తనా సంస్కరణకు తోడ్పడుట
* విడాకుల వ్యాజ్యాలలో బిడ్డ సంరక్షణ ఎవరికి తగునో నివేదించుట
* వీలునామా వ్రాసిన వ్యక్తికి ఆ సమయంలో స్వస్థచిత్తం ఉన్నదా అను వివాదాలలో సహాయపడుట

చివరి అంశం నేరాలకు సంబంధించినది కాకపోయినను ప్రాముఖ్యం గలది. రంగారెడ్డి జిల్లాలోని మోకిల, శంకర్‌పల్లి, మొయినాబాదు, చేవెళ్ల వంటి ప్రాంతాలలో ఒక తరం క్రితం పంటపొలాలుగా ఉన్న భూములు నేడు గజాల లెక్కన అమ్ముడుపోతున్నాయి. 2023లో హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ మోకిలలో ప్లాట్లను వేలం వేసింది. భూమి విలువ ఇట్లు పెరిగిన చోట, మతిమరుపు వ్యాధి గల వృద్ధుడు చేసిన దస్తావేజు చెల్లుతుందా అనే ప్రశ్నకు ఎంతో బరువు ఉంటుంది. 1872 నాటి భారతీయ ఒప్పందాల చట్టం 12వ సెక్షను, 1925 నాటి భారతీయ వారసత్వ చట్టం 59వ సెక్షను ఇందుకు ఆధారాలు. రెండింటిలోను స్వస్థచిత్తమే ప్రమాణం.

చరిత్ర

చట్టానికి, మనసుకు గల సంబంధంపై ఆధునిక చర్చ 1843లో ఇంగ్లండులో మొదలైనదని చెప్పవచ్చు. ఆ సంవత్సరం డేనియల్ మెక్‌నాటన్ అనే వ్యక్తి ప్రధానమంత్రి రాబర్ట్ పీల్ కార్యదర్శి అయిన ఎడ్వర్డ్ డ్రమ్మండును కాల్చి చంపాడు. మతిభ్రమ కారణంగా న్యాయస్థానం అతనిని నిర్దోషిగా ప్రకటించగా దేశంలో అలజడి రేగింది. ఆ పిమ్మట ప్రభువుల సభ కోరికపై న్యాయమూర్తులు చెప్పిన సమాధానాలు మెక్‌నాటన్ నియమాలుగా ప్రసిద్ధి చెందాయి. 1860 నాటి భారతీయ శిక్షా స్మృతిలోని 84వ సెక్షనుకు ఇవే మూలం.

1908లో హార్వర్డు ఆచార్యుడు హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ సాక్షుల జ్ఞాపకంలోని లోపాలపై ఒక గ్రంథం ప్రకటించి, న్యాయస్థానాలు మనస్తత్వశాస్త్రాన్ని పట్టించుకోవలెనని వాదించాడు. అమెరికాలో 1962లో జెంకిన్స్ కేసు తీర్పు తరువాత, తగిన శిక్షణ గల మనస్తత్వ శాస్త్రవేత్త మానసిక వ్యాధిపై నిపుణుడిగా సాక్ష్యం చెప్పుటకు మార్గం సుగమమైంది. 1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ చేసిన ప్రయోగంలో, ప్రశ్నలోని ఒక్క క్రియాపదం మార్చినంతనే కార్ల వేగాన్ని ప్రేక్షకులు వేర్వేరుగా అంచనా వేశారు. అడిగే తీరు జవాబును మార్చగలదని ఈ ప్రయోగం తెలియజేసింది. 2001లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషను ఫోరెన్సిక్ సైకాలజీని ప్రత్యేక శాఖగా గుర్తించింది.

భారతదేశంలో మనస్తత్వశాస్త్ర బోధన కలకత్తా విశ్వవిద్యాలయంలో 1916లో ప్రారంభమైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1967లో ఆచార్య కె. రామకృష్ణారావు ఆధ్వర్యంలో ఈ విభాగం ఏర్పడింది. 1972లో ఢిల్లీలో నేరశాస్త్ర, ఫోరెన్సిక్ శాస్త్ర జాతీయ సంస్థ నెలకొన్నది. తరువాత దీనికి లోక్‌నాయక్ జయప్రకాశ్ నారాయణ్ పేరు పెట్టారు. 2009లో గాంధీనగర్‌లో స్థాపితమైన గుజరాత్ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం, 2020లో పార్లమెంటు చట్టం ద్వారా జాతీయ ఫోరెన్సిక్ శాస్త్రాల విశ్వవిద్యాలయంగా మారింది. ఢిల్లీ సంస్థ దాని ప్రాంగణమైంది.

భారతీయ చట్టాలలో స్థానం

2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియమం అమలులోనికి వచ్చాయి. పాత పాఠ్యపుస్తకాలు చదివే విద్యార్థులు సెక్షన్ల సంఖ్యలు మారినవని గమనించవలెను.

న్యాయ సంహిత 22వ సెక్షను పూర్వపు 84వ సెక్షనుకు సమానం. చిత్తస్వస్థత లేని కారణంగా తన చర్య స్వభావాన్ని గాని, అది తప్పు లేదా చట్టవిరుద్ధమని గాని గ్రహించలేని స్థితిలో ఉన్న వ్యక్తి చేసిన పని నేరం కాదు. వైద్యశాస్త్రం గుర్తించే ప్రతి మానసిక వ్యాధీ ఈ రక్షణనివ్వదు. నేర సమయంలో ఆ గ్రహణశక్తి ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న. భారతీయ న్యాయస్థానాలు ఈ భేదాన్ని అనేక తీర్పులలో స్పష్టం చేశాయి. నేర సమయంలోని స్థితిని నెలల తరువాత అంచనా వేయవలసి రావడమే ఇక్కడి కష్టం. వైద్య చీటీలు, ఇరుగుపొరుగు వారి మాటలు, ముందు వెనుకల ప్రవర్తన అన్నింటినీ కూర్చి చూడవలసి ఉంటుంది.

సాక్ష్య అధినియమం 39వ సెక్షను నిపుణుల అభిప్రాయానికి సంబంధించినది. పూర్వం ఇది 45వ సెక్షను. నిపుణుని అభిప్రాయం న్యాయమూర్తికి సహాయమే గాని తీర్పు కాదు.

సురక్షా సంహిత 367వ సెక్షను, నిందితునికి చిత్తస్వస్థత లేదని తోచినపుడు అనుసరించవలసిన విధానాన్ని చెబుతుంది. సివిల్ సర్జన్ పరీక్షించి, ప్రభుత్వ ఆసుపత్రి లేదా ప్రభుత్వ వైద్య కళాశాలలోని మనోవైద్యునికి గాని క్లినికల్ సైకాలజిస్టుకు గాని పంపవలెను. ఈ సెక్షనులో ఫోరెన్సిక్ సైకాలజిస్టు అనే పదం లేదు. ఈ ఒక్క విషయాన్ని విద్యార్థులు ముందుగానే గుర్తుంచుకొనవలెను. దీని పర్యవసానం క్రింద గుర్తింపు శీర్షికలో వివరించబడింది.

2015 నాటి బాల న్యాయ చట్టం 15వ సెక్షను ప్రకారం, 16 సంవత్సరాలు నిండిన బాలునిపై ఘోర నేరారోపణ ఉన్నపుడు బోర్డు ప్రాథమిక మదింపు జరపవలెను. ఆ నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలు గ్రహించే శక్తి, నేరం జరిగిన పరిస్థితులు ఇందులో పరిశీలించబడతాయి. బాలుడు పెద్దవానివలె విచారింపబడునా లేదా అన్నది దీనిపై ఆధారపడుతుంది. అనుభవజ్ఞులైన మనస్తత్వ నిపుణుల సహాయం తీసుకొనవచ్చునని చట్టం పేర్కొన్నది. 2022 జూలైలో బరున్ చంద్ర ఠాకూర్ కేసులో సుప్రీంకోర్టు, బోర్డులో బాలల మనస్తత్వశాస్త్రంలో గాని మనోవైద్యంలో గాని పట్టా కలిగిన వృత్తినిపుణుడు లేనపుడు ఈ సహాయం తప్పనిసరి అని చెప్పింది. అదే సంవత్సరం హైదరాబాదు జూబ్లీహిల్స్ అత్యాచార కేసులో బాల న్యాయ బోర్డు నలుగురు బాలురను పెద్దలుగా విచారించవచ్చునని నిర్ణయించడంతో, ఈ మదింపు తెలుగు పత్రికలలో విస్తృతంగా చర్చకు వచ్చింది. ఒక నివేదికలోని కొన్ని పుటలపై ఒక యువకుని మిగిలిన జీవితం, మరొక కుటుంబం ఆశించే న్యాయం ఆధారపడతాయి.

పాఠ్యక్రమం

ఎం.ఎస్‌సీ. ఫోరెన్సిక్ సైకాలజీ సాధారణంగా రెండు సంవత్సరాలు, నాలుగు సెమిస్టర్లు. సంస్థను బట్టి వివరాలు మారినను, ఈ అంశాలు మూలస్తంభాలు.

మానసిక వ్యాధి శాస్త్రం: స్కిజోఫ్రీనియా, తీవ్ర కుంగుబాటు, మూర్ఛకు సంబంధించిన ప్రవర్తనలు, వ్యసనాలు, బుద్ధిమాంద్యం మొదలైనవి. వీటిలో గట్టి పునాది లేకపోతే మిగిలిన చదువు నిలువదు.

మానసిక పరీక్షలు: తెలివితేటల పరీక్షలలో సి.ఎం. భాటియా 1955లో ప్రకటించిన పరీక్షామాల భారతీయ విద్యార్థులకు చిరపరిచితం. వ్యక్తిత్వ పరీక్షలు, జ్ఞాపకశక్తి పరీక్షలు, లేని జబ్బును నటించేవారిని గుర్తించే పరీక్షలు కూడా నేర్పుతారు. ఏ పరీక్షకైనను పొరపాటు అవకాశం ఎంత అన్నది తెలియుటకు గణాంక శాస్త్రం తప్పనిసరి. లెక్కలంటే భయపడి ఆర్ట్స్ వైపు వచ్చిన విద్యార్థులు ఇక్కడ ఇబ్బంది పడతారు.

సాక్షి, నిందితుల విచారణ: జ్ఞాపకం, సూచనలకు లొంగే గుణం, అసత్యపు నేరాంగీకారం. ఐస్‌లాండుకు చెందిన గిస్లీ గుడ్‌జాన్సన్ 1980లలో రూపొందించిన కొలమానం ఈ విషయంలో ప్రసిద్ధం.

చట్టం, నేరశాస్త్రం: శిక్షా చట్టాలు, సాక్ష్య చట్టం, పోక్సో చట్టం, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం.

క్షేత్ర శిక్షణ, పరిశోధనా వ్యాసం: మానసిక వైద్యశాలలోను, ప్రయోగశాలలోను, కారాగారంలోను అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పని. ఒక కళాశాల నాణ్యతను దీనినిబట్టి తెలుసుకొనవచ్చును.

తప్పు జరిగినపుడు నష్టం ఎంతటిదో తెలుగువారికి ఒక కేసు గుర్తుచేస్తుంది. 2007 డిసెంబరులో విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం హాస్టలులో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. 2008లో అరెస్టయిన యువకునికి 2010లో విజయవాడ మహిళా న్యాయస్థానం యావజ్జీవ శిక్ష విధించింది. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు అతనిని నిర్దోషిగా విడుదల చేసింది. ఆ తీర్పు మనస్తత్వశాస్త్రంపై మాత్రమే ఆధారపడినది కాదు. అయినను దర్యాప్తులో తొందరపాటు ఒక మనిషి జీవితంలో ఎన్ని సంవత్సరాలను తీసుకుపోగలదో, మరణించిన బిడ్డ తల్లిదండ్రులకు సమాధానం ఎట్లు దూరమగునో దీనివలన తెలుస్తుంది.

భాష, ఆచారాలు

పాఠ్యగ్రంథాలలో చాలా భాగం ఆంగ్లంలో, పాశ్చాత్య సమాజాల ఆధారంగా వ్రాయబడినవి. తెలుగు నేలపై పనిచేసేవారు వాటికి కొంత చేర్చుకొనవలెను.

తెలంగాణ పల్లెలో ఒక సాక్షి "నాకు యాదికి లేదు" అంటే జ్ఞాపకం లేదని అర్థం. "నాకు ఎరుక లేదు" అంటే అసలు తెలియదని అర్థం. వాంగ్మూలం వ్రాసేవారు రెండింటినీ "నాకు తెలియదు" అని వ్రాస్తే, తరువాత ఆ వ్యక్తికి నిజంగా జ్ఞాపకం వచ్చినపుడు అతడు మాట మార్చినట్లు కనబడుతుంది. "పానం మంచిగ లేదు" అనే మాట జ్వరానికీ చెల్లుతుంది, దిగులుకూ చెల్లుతుంది. "దిమాక్ ఖరాబైంది" అన్నవాడు చాలాసార్లు విసుగును చెబుతున్నాడే గాని పిచ్చిని కాదు. అధికారి ఎదుట "అవును సార్" అనుట మర్యాద వలన గాని, భయం వలన గాని కావచ్చును. దానిని అంగీకారంగా గ్రహించుట ప్రమాదకరం.

ఆచార విశ్వాసాల విషయం మరింత సున్నితమైనది. చేతబడి, బాణామతి అనే అనుమానంతో తెలంగాణ పల్లెలలో దాడులు, హత్యలు జరిగిన ఉదంతాలు కలవు. తనపై ఎవరో చేతబడి చేశారని నమ్మినంత మాత్రాన ఆ వ్యక్తి మతిభ్రమ గలవాడు కాడు. ఊరంతా పంచుకునే నమ్మకాన్ని మనోవైద్యశాస్త్రం భ్రాంతిగా లెక్కించదు. అదే వ్యక్తి, ఊరిలో మరెవరూ నమ్మని రీతిలో, గోడలలోనుండి మాటలు వినిపించి ఆజ్ఞాపిస్తున్నాయని చెబితే పరిశీలన వేరుగా ఉండవలెను. ఈ భేదం తెలుసుకొనుటకు గ్రంథజ్ఞానంతో పాటు ఊరి జీవితం తెలిసి ఉండవలెను. ఈ పనిలో తెలుగు బాగుగా తెలిసిన నిపుణుని స్థానాన్ని పరభాషా నిపుణుడు పూరించుట కష్టం.

సత్య శోధన పరీక్షలు

ఈ శాస్త్రం పేరు వినగానే పలువురికి స్ఫురించేవి పాలిగ్రాఫ్, నార్కో పరీక్ష, బ్రెయిన్ మ్యాపింగ్. పాలిగ్రాఫ్ గుండె వేగం, శ్వాస, చెమట మొదలైనవాటిలో మార్పులను నమోదు చేస్తుంది. అది అబద్ధాన్ని కొలవదు, ఉద్వేగాన్ని మాత్రమే కొలుస్తుంది. భయపడిన నిరపరాధికీ అవే మార్పులు కలుగవచ్చును. నార్కో పరీక్షలో థయోపెంటల్ సోడియం వంటి మందుతో మనిషిని మగత స్థితికి తెచ్చి ప్రశ్నిస్తారు. ఆ స్థితిలో వచ్చే మాటలలో కల్పన, వాస్తవం కలిసిపోతాయి.

2010 మే 5న సెల్వి వర్సెస్ కర్ణాటక రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు, వ్యక్తి సమ్మతి లేకుండా ఈ మూడు పరీక్షలు జరుపరాదని తీర్పునిచ్చింది. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పవలసిన నిర్బంధం లేకుండా రాజ్యాంగం 20వ అధికరణం 3వ ఖండం ఇచ్చే రక్షణ, 21వ అధికరణం చెప్పే వ్యక్తి స్వేచ్ఛ దీనికి ఆధారాలు. సమ్మతితో జరిపినను పరీక్షా ఫలితమే సాక్ష్యం కాజాలదు. దాని సహాయంతో కనుగొనబడిన వస్తువు లేదా సమాచారం మాత్రమే స్వీకరింపబడవచ్చును. 2025 జూన్‌లో అమలేష్ కుమార్ వర్సెస్ బీహారు రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు ఇదే సూత్రాన్ని పునరుద్ఘాటించింది. కేవలం ఈ యంత్రాలపై ఆకర్షణతో ఈ చదువులో చేరేవారు ఈ తీర్పులను ముందుగా చదువుట మంచిది.

చదువు మార్గాలు

మోకిల గ్రామం రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలంలో, హైదరాబాదు నుండి శంకర్‌పల్లి వెళ్ళే దారిలో ఉన్నది. సమీపంలోని దొంతాన్‌పల్లిలో ఇక్ఫాయ్ విశ్వవిద్యాలయ ప్రాంగణం, అందులో న్యాయ కళాశాల ఉన్నాయి. ఈ ప్రాంతంలో డిగ్రీ పూర్తిచేసిన విద్యార్థి ఈ శాస్త్రం వైపు వెళ్ళుటకు ప్రధానంగా మూడు మార్గాలు కలవు.

మొదటిది, నేరుగా ఫోరెన్సిక్ సైకాలజీలో ఎం.ఎస్‌సీ. చేయుట. జాతీయ ఫోరెన్సిక్ శాస్త్రాల విశ్వవిద్యాలయం ఈ పట్టానిస్తుంది. ఇందుకు ఇల్లు విడిచి దూరం వెళ్ళవలసి ఉంటుంది.

రెండవది, ముందు మనస్తత్వశాస్త్రంలో పీజీ చేసి, పిమ్మట క్లినికల్ సైకాలజీ వృత్తి శిక్షణ పొంది, ఆ తరువాత న్యాయ సంబంధ పనిలో ప్రవేశించుట. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాలలో మనస్తత్వశాస్త్ర పీజీ ఉన్నది. గచ్చిబౌలిలోని హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హెల్త్ సైకాలజీ కేంద్రం కలదు. తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో పీజీ ప్రవేశాలు సీపీగెట్ ద్వారా జరుగుతాయి. వృత్తి శిక్షణకు బెంగళూరులోని నిమ్హాన్స్ దేశంలో ప్రముఖమైనది. సికింద్రాబాదులోని స్వీకార్ సంస్థ క్లినికల్ సైకాలజీలో శిక్షణనిచ్చిన సంస్థలలో ఒకటి.

మూడవది, న్యాయశాస్త్రం గాని ఫోరెన్సిక్ సైన్సు గాని చదివి, మనస్తత్వశాస్త్రాన్ని తోడుగా నేర్చుకొనుట. ఉస్మానియాలో ఫోరెన్సిక్ సైన్సు పీజీ ఉన్నది. శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం క్రిమినల్ జస్టిస్, ఫోరెన్సిక్ సైన్సు అంశంపై డిప్లొమా నడిపింది. ఈ మార్గంలో వచ్చినవారు న్యాయవాదిగా, పరిశోధకుడిగా రాణించగలరు గాని రోగ నిర్ధారణ చేయజాలరు.

హైదరాబాదులో ఈ శాస్త్రంతో సంబంధం గల సంస్థలు అనేకం ఉన్నాయి. రామంతపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల, రెడ్‌హిల్స్‌లో రాష్ట్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల, ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల, చంచల్‌గూడ, చర్లపల్లి కారాగారాలు వీటిలో ముఖ్యమైనవి. 2016లో హైదరాబాదు పోలీసులు హింసకు గురైన స్త్రీలు, పిల్లల కొరకు భరోసా కేంద్రాన్ని నెలకొల్పారు. 2018లో అక్కడ బాలలకు అనుకూలమైన న్యాయస్థానం ప్రారంభమైంది. తెలంగాణ కారాగారాలలో ఖైదీల ప్రవర్తనా మార్పు కొరకు ఉన్నతి అనే కార్యక్రమం ఉస్మానియా విశ్రాంత ఆచార్యులు బీనా చింతలపూరి నేతృత్వంలో జరిగింది.

గుర్తింపు: పట్టాకు, అర్హతకు భేదం

భారతదేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయుటకు 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం ప్రకారం ఆ మండలి రిజిస్టరులో పేరు నమోదై ఉండవలెను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా క్లినికల్ సైకాలజిస్టును, మండలి గుర్తించిన క్లినికల్ సైకాలజీ అర్హతతోను, పర్యవేక్షణతో కూడిన పూర్తికాల శిక్షణతోను ముడిపెట్టి నిర్వచించింది. ఫోరెన్సిక్ సైకాలజీలో ఎం.ఎస్‌సీ. పట్టా ఒక్కటే ఈ నమోదును ఇవ్వదు. పైన చెప్పిన 367వ సెక్షను పేర్కొన్నది క్లినికల్ సైకాలజిస్టునే. కనుక నిందితుని మానసిక స్థితిపై న్యాయస్థానానికి నివేదిక ఇవ్వవలెనను కోరిక గల విద్యార్థి రెండవ మార్గాన్నే ఎంచుకొనవలెను, లేదా మొదటి మార్గం ముగిసిన పిమ్మట క్లినికల్ శిక్షణకు అర్హత దొరుకునా అని ముందే విచారించుకొనవలెను.

ఈ రంగంలో నిబంధనలు వేగంగా మారుచున్నవి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 నిబంధనలతో ఎం.ఫిల్. పట్టాను నిలిపివేసింది. క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎం.ఫిల్. కోర్సులకు మాత్రం 2025-26 విద్యాసంవత్సరం వరకు మినహాయింపు ఇచ్చింది. ఆ తరువాతి ప్రవేశాలకు మండలి గుర్తించిన కోర్సుల పట్టికను చూచుకొనవలెను. క్లినికల్ సైకాలజిస్టులు కాని ఇతర మనస్తత్వ నిపుణులు 2021 నాటి అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషను చట్టం పరిధిలోనికి వచ్చారు. ఈ చట్టం పరిధిలోని మనస్తత్వశాస్త్ర కోర్సులను దూరవిద్య, ఆన్‌లైను పద్ధతులలో నడుపరాదని నిధుల సంఘం 2025 జూలై-ఆగస్టు ప్రవేశాల నుండి నిషేధించింది. ఇంటినుండి చదివే ఫోరెన్సిక్ సైకాలజీ కోర్సులంటూ వచ్చే ప్రకటనలను చదువునపుడు ఇది గుర్తుంచుకొనవలెను.

విదేశాలలో

తెలుగు విద్యార్థులు అధికంగా వెళ్ళే అమెరికాలో, న్యూయార్కులోని జాన్ జే కళాశాల ఫోరెన్సిక్ సైకాలజీ ఎం.ఏ.కు ప్రసిద్ధి చెందింది. కాని చాలా రాష్ట్రాలలో మనస్తత్వ నిపుణుడిగా స్వతంత్రంగా పనిచేయుటకు డాక్టరేటు, పర్యవేక్షిత శిక్షణ, లైసెన్సు పరీక్ష అవసరం. మాస్టర్స్ పట్టా తొలి మెట్టు మాత్రమే. బ్రిటనులో ఫోరెన్సిక్ సైకాలజిస్టు అనే బిరుదుకు 2009 నుండి చట్టరక్షణ ఉన్నది. అక్కడ గుర్తింపు పొందిన ఎం.ఎస్‌సీ. మొదటి దశ, పర్యవేక్షణలో సాధారణంగా రెండు సంవత్సరాల పని రెండవ దశ. ఆ తరువాతనే నమోదు. ఏ దేశంలోనైనను పట్టా వేరు, అనుమతి వేరు అన్న సూత్రం మారదు. విదేశీ విద్యకై అప్పు చేయదలచిన కుటుంబం ఈ సంవత్సరాలన్నింటినీ లెక్కలో చేర్చుకొనవలెను.

వృత్తి ధర్మం

వైద్యుని వద్దకు రోగి తనంతట తాను వస్తాడు. ఈ వృత్తిలో ఎదుటి మనిషి చాలాసార్లు తన ఇష్టంతో రాడు. చెప్పిన మాటలు రహస్యంగా ఉండవు. కనుక పరీక్షకు ముందే తాను ఎవరి తరఫున వచ్చినదీ, నివేదిక ఎవరికి చేరునదీ అతనికి అర్థమయ్యే భాషలో చెప్పవలెను. ఒకే వ్యక్తికి చికిత్స చేయువాడు, అతనిపై న్యాయస్థానానికి నివేదిక ఇచ్చువాడు వేర్వేరుగా ఉండుట మేలు.

రెండవ ధర్మం హద్దు తెలియుట. నిందితుడు నేరం చేశాడా లేదా అన్నది న్యాయమూర్తి తేల్చవలసిన విషయం. మానసిక స్థితి ఎట్టిది, ఏ ఆధారాలతో ఆ నిర్ణయానికి వచ్చారు, ఎంత అనిశ్చితి ఉన్నది అన్నంతవరకే నిపుణుని పని. క్రాస్ పరీక్షలో "చెప్పలేను" అని నిజాయితీగా అనగలగడం ఈ చదువు నేర్పవలసిన ముఖ్యమైన పాఠం.

చేరుటకు ముందు పరిశీలించవలసినవి

# విశ్వవిద్యాలయానికి నిధుల సంఘం గుర్తింపు ఉన్నదా, ఈ పట్టా పేరు దాని పట్టికలో ఉన్నదా.
# పట్టా తరువాత పునరావాస మండలి గుర్తించిన క్లినికల్ శిక్షణలో ప్రవేశానికి అర్హత లభించునా.
# ఆసుపత్రి, కారాగారం, ప్రయోగశాలలలో క్షేత్ర శిక్షణ ఎన్ని వారాలు, ఎవరి పర్యవేక్షణలో.
# బోధకులలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టులు ఎందరు, న్యాయస్థానంలో సాక్ష్యం చెప్పిన అనుభవం గలవారు ఎవరైనా ఉన్నారా.
# ప్రయోగశాల, కారాగార శాఖ ఉద్యోగ ప్రకటనలలో ఏ పట్టాను కోరుచున్నారు. పాత ప్రకటనలు రెండు మూడు చదివి చూచిన ఈ విషయం తెలియును.
# హింసా ఉదంతాలను నిత్యం వినగల మనోధైర్యం తనకు ఉన్నదా. ఎవరైనను చేరుటకు ముందు ఒక న్యాయస్థానంలో కొన్ని దినాలు కూర్చుని విచారణలను గమనించుట మంచిది. సాధారణంగా బహిరంగ విచారణలను చూచుటకు ఎవరికైనను అవకాశం ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* మనస్తత్వశాస్త్రం
* నేరశాస్త్రం
* భారతీయ న్యాయ సంహిత
* బాల న్యాయ చట్టం
* నిమ్హాన్స్
* మోకిల